డబ్బా, గాలి, టేబులు ఫ్యాను

మొన్న మే నెలలో ఓ శనివారం పొద్దున్నే తెనాలి నుంచి మా బావమరిది ఫోను చేశాడు. వాడికి అక్కడ చిన్న స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకీ, ఓణీల ఫంక్షన్లకీ ఫొటోలూ వీడియోలూ తీసి, తనే ఎడిటింగు చేసి ఇస్తాడు. "బావా, మిషను మధ్యాహ్నం రెండయ్యేసరికి దానంతటదే ఆగిపోతోంది. ఒక మంచి క్యాబినెట్టు చెప్పు. ఫుల్ టవరు కావాలి, పది వేల లోపు రావాలి, లోపల చల్లగా ఉండాలి" అన్నాడు.

మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్నకి ఐదు నిమిషాల్లో జవాబు చెప్పేసి, పైగా ఓ గంట ఉపన్యాసం కూడా ఇచ్చేవాణ్ణి. సాఫ్ట్‌వేరు కన్సల్టెంటునైన పాపానికి చుట్టాలందరికీ హార్డ్‌వేరు వైద్యుణ్ణి కూడా నేనే కదా! కానీ ఈసారి నోరు పెగల్లేదు. ఎందుకంటే ఇంతకు ముందు, 2018లో, వాడికి క్యాబినెట్టు చెప్పింది నేనే. ఆ కథకి తర్వాత వస్తాను. "రెండు రోజులు టైమియ్యరా" అని ఫోను పెట్టేసి, అసలు ఈ డబ్బాలు ఇలా ఎందుకు తయారయ్యాయో మొదట్నుంచీ తవ్వుకుంటూ కూర్చున్నాను.

డబ్బా అని ఊరికే అనడం లేదు. మన ఊళ్ళలో టేబులు కింద ఉండే ఆ ఇనప్పెట్టె మొత్తాన్నీ 'సీపీయూ' అనేస్తారు. సీపీయూ అంటే లోపలెక్కడో ఉండే అరచేతిలో సగం కూడా లేని చిప్పు. ఖాళీ పెట్టె కొనేటప్పుడు మాత్రం 'క్యాబినెట్టు' అంటారు. అమెరికాలో దాన్ని 'కేసు' అంటారు. నేనిక్కడికొచ్చిన కొత్తలో కొట్టువాణ్ణి క్యాబినెట్టు అడిగితే వంటింటి అలమారలు అమ్మే చోటికి దారి చెప్పాడు.

మా ఇంట్లో మొదటి కంప్యూటరు 2004లో వచ్చింది. నాన్నగారు లెక్కల మాస్టారు. పీఎఫ్ లోను పెట్టి, నన్ను వెంటబెట్టుకుని సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరుకి తీసుకెళ్ళారు. ఆ రోజుల్లో అసెంబుల్డు కంప్యూటరంటే అదే కాశీ, అదే రామేశ్వరం. ప్రాసెసరు గురించి నాన్నగారు పది కొట్లలో పది ప్రశ్నలడిగారు. ర్యాము గురించి బేరమాడారు. క్యాబినెట్టు దగ్గరికొచ్చేసరికి కొట్టు కుర్రాడు "ఎస్సెంపీయెస్‌తో కలిపి వస్తుంది సార్, బాగుంటుంది" అని, ముందు నీలం లైటు వెలిగే పెట్టె ఒకటి చూపించాడు. దాని గురించి ఎవరమూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పెట్టెని రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెనాలి తెచ్చుకున్నాం.

మొదటి వేసవిలోనే తెలిసొచ్చింది. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆట నత్తనడక నడిచేది. ఒంటిగంటకి తెర నల్లబడేది. "దానికీ మధ్యాహ్నం కునుకు కావాలిరా" అనేవారు నాన్నగారు. చివరికి పక్క రేకు ఊడదీసి, టేబులు ఫ్యాను దాని మీదికి తిప్పాం. మీలో ఎంతమంది ఇళ్ళలో ఈ దృశ్యం ఉండేదో నాకు తెలుసు, దాచకండి. ఇంట్లో మనుషులు విసనకర్రలతో విసురుకుంటుంటే సీపీయూగారు టేబులు ఫ్యాను ముందు కూర్చునేవారు. అమ్మ సణుగుడు వేరే చెప్పాలా!

తప్పు మా పెట్టెదేనా? అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళాలి.

1981 ఆగస్టులో వచ్చిన మొదటి ఐబీఎం పీసీకి ఈ బాధ లేదు. దాని ఎస్సెంపీయెస్ మొత్తం ఇచ్చే కరెంటు 63.5 వాట్లు. అంటే మన ఇళ్ళలో ఒకప్పటి బుడగ బల్బు ఒక్కటి. అందులోని 8088 ప్రాసెసరు తినేది రెండు వాట్ల లోపు. దాని నెత్తిన ఫ్యాను సంగతి అటుంచి, చిన్న అల్యూమినియం ముక్క కూడా ఉండేది కాదు. ఎస్సెంపీయెస్‌లో ఉన్న ఒక్క ఫ్యానే పెట్టెలోని వేడిని కూడా లాగి వెనక్కి ఊదేసేది. డబ్బా అంటే అప్పటికి దుమ్ము పడకుండా, చెయ్యి తగలకుండా, పైన మానిటరు పెట్టుకోవడానికి వీలుగా ఒక బలమైన మూత, అంతే.

ఐబీఎం వాళ్ళు ఆ ఫ్యాను పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అదే కాలంలో యాపిల్ వాళ్ళు ఎంత తంటాలు పడ్డారో చూస్తే దాని విలువ తెలుస్తుంది. స్టీవ్ జాబ్స్‌కి ఫ్యాను మోత అంటే గిట్టదు. 1977 నాటి యాపిల్ టూకి రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు వేడి తక్కువ పుట్టించే పవర్ సప్లై ఒకటి తయారుచేసి ఇవ్వడంతో ఫ్యాను లేకుండానే గడిచిపోయింది. ఆ ధైర్యంతో 1980లో యాపిల్ త్రీ తెచ్చారు. ఫ్యాను లేదు. అల్యూమినియం పోత పోసిన అడుగుభాగమే వేడిని పీల్చి బయటికి వదులుతుందన్నారు. జనం కొన్నారు. కొన్నాక యంత్రాలు మొరాయించడం మొదలెట్టాయి. లోపల సాకెట్లలో గుచ్చిన చిప్పులు వదులై పైకి లేచిపోయేవి. దానికి కంపెనీ నుంచి వచ్చిన చిట్కా ఏమిటో తెలుసా? కంప్యూటరుని బల్ల మీంచి కొన్ని అంగుళాలు పైకెత్తి, దబ్బున వదలమన్నారు. ఆ కుదుపుకి చిప్పులు మళ్ళీ సాకెట్లలో కూర్చుంటాయన్నమాట. మన పాత టీవీకి నెత్తిన ఒక్కటివ్వడం లాంటి వైద్యమే, కాకపోతే ఈ రోగి ధర వేల డాలర్లు.

మొదట అమ్మినవాటిని వేల సంఖ్యలో ఉచితంగా మార్చివ్వాల్సి వచ్చింది. 1984లో ఆ వరసకి మంగళం పాడేశారు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పెట్టె రూపం గీసిన జెర్రీ మానాక్, తప్పు పెట్టెది కాదు, అది వేడిని బాగానే వదిలేది, లోపలి సర్క్యూటు బోర్డే సరిగ్గా లేదు అన్నాడు. ఎవరి వాదన వారిది. నాకు మాత్రం ఇందులో కనిపించేది ఒక అలవాటు. పెట్టె ఎలా ఉండాలో ముందు తీర్మానించుకుని, లోపలి వేడిని దానికి సర్దుకోమనడం. 1984లో వచ్చిన మొదటి మెకింటాషుకీ ఫ్యాను లేదు. దాని నెత్తిన పెట్టుకోవడానికి అట్టతో చేసిన పొగగొట్టం ఒకటి బయటివాళ్ళు తయారుచేసి అమ్మారు. మా టేబులు ఫ్యానుకి ఆ అట్ట పొగగొట్టం పెద్దమ్మ వరస అవుతుంది.

నిలువు డబ్బాల సంగతికొస్తే, 1987లో ఐబీఎం వాళ్ళ పీఎస్/2 వరసలో 60, 80 నంబరు మోడళ్ళు నేల మీద నిలబడే పెట్టెల్లో వచ్చాయి. అంతకుముందు కూడా బల్ల మీద చోటు చాలక అడ్డపెట్టెల్నే పక్కకి తిప్పి నేల మీద నిలబెట్టేవాళ్ళున్నారు. టవరు పుట్టింది చల్లదనం కోసం కాదు, చోటు కోసం. ఎక్కువ హార్డుడిస్కులు, ఎక్కువ కార్డులు పట్టాలి, బల్ల ఖాళీగా ఉండాలి. ఇక ఫుల్ టవరు, మిడ్ టవరు అనే మాటలకి ఇప్పటికీ శాసనమంటూ ఏదీ లేదు. మన టిఫిన్ సెంటర్లో 'ఫుల్ మీల్సు' లాంటిదే, ఎవరి కొలత వారిది.

1995లో ఇంటెల్ వాడు ఏటీఎక్స్ అనే నమూనా తెచ్చాడు. ఈ రోజుకీ మనం వాడుతున్న పెట్టెలన్నీ దాని సంతానమే. 305 మిల్లీమీటర్లు, 244 మిల్లీమీటర్లు మదర్‌బోర్డు కొలత, దాన్ని బిగించే స్క్రూల చోట్లు, వెనక రంధ్రాల వరస. ముప్ఫై ఏళ్ళు దాటినా ఒకరి పెట్టెలో ఇంకొకరి బోర్డు పడుతోందంటే అదంతా ఆ నమూనా చలవే. గాలి విషయంలో మాత్రం వాళ్ళ మొదటి ఆలోచన తల్లకిందులైంది. ఎస్సెంపీయెస్ ఫ్యాను గాలిని బయటికి ఊదకుండా, బయటి గాలిని లోపలికి లాగి నేరుగా ప్రాసెసరు మీదికి ఊదాలన్నారు. అప్పుడు ప్రాసెసరుకి వేరే ఫ్యాను అక్కర్లేదని ఆశ. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఎస్సెంపీయెస్ కూడా ఒక పొయ్యే కదా! దాని మీదుగా వచ్చిన గాలి అప్పటికే వెచ్చగా ఉండేది. తర్వాతి సవరణల్లో ఫ్యానుని మళ్ళీ బయటి వైపుకి తిప్పారు.

అసలు కష్టం చిప్పులో మొదలైంది. 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ఐబీఎంలో ఒక పత్రం రాశారు. ట్రాన్సిస్టరుని చిన్నది చేస్తూ పోతే, దానికిచ్చే వోల్టేజీ కూడా అదే లెక్కన తగ్గించుకోవచ్చు, కాబట్టి ఒక చదరపు మిల్లీమీటరులో పుట్టే వేడి పెరగదు అని దాని సారాంశం. మూడు దశాబ్దాల పాటు ఈ పరిశ్రమ మొత్తం తిన్నది ఆ వరాన్నే. కానీ ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవయ్యేసరికి, ఆపేసినా వాటిలోంచి కరెంటు కారడం మొదలైంది, కట్టేసిన కుళాయి చుక్క చుక్క కారినట్టు. వోల్టేజీ ఇంక తగ్గనంది. వేగం మాత్రం పెంచుతూనే పోయారు. 1993 నాటి తొలి పెంటియం 15 వాట్లు తింటేనే అమ్మో అన్నారు. 2001లో ఇంటెల్ పెద్ద ఇంజనీరు పాట్ గెల్సింగర్ ఒక సమావేశంలో లెక్క చెప్పాడు. ఇలాగే పోతే చిప్పు మీది వేడి సాంద్రత అణు రియాక్టరునీ, రాకెట్టు నాజిల్‌నీ, చివరికి సూర్యుడి ఉపరితలాన్నీ అందుకుంటుందని. అదే ఏడాది సెప్టెంబరులో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు నడుస్తున్న ప్రాసెసర్ల మీంచి హీట్‌సింకు ఊడదీసి వీడియో తీశారు. పెంటియం ఫోర్ వేగం తగ్గించుకుని బతికిపోయింది. ఏఎండీ వాడి ఆథ్లాను క్షణాల్లో పొగలు కక్కి చచ్చింది.

బతికిపోవడం అంటే మధ్యాహ్నం కునుకు తీయడమే. మా ఇంట్లో జరిగింది అదే. మాది 2.8 గిగాహెర్ట్జ్ ప్రెస్కాట్. 2004 ఫిబ్రవరిలో వచ్చిన ఈ ప్రెస్కాట్‌కి ఇంటెల్ వాడి కాగితం ప్రకారమే 89 వాట్ల వేడి, పెద్దన్నలకైతే 103, ఆ పైన 115. ఇరవై ఏళ్ళ క్రితం పీసీ మొత్తానికి 63.5 వాట్లు సరిపోయిన చోట, ఒక్క చిప్పుకే ఇంత! పెట్టె మాత్రం ఇంచుమించు అదే. వెనక ఒక 80 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టే చోటు, అందులో ఫ్యాను పెట్టకుండా వదిలేసిన ఖాళీ. ముందు నీలం లైటు, దాని చుట్టూ నున్నటి ప్లాస్టిక్కు, గాలి దూరడానికి అడుగున చిన్న సందు.

ఇంటెల్ వాడికి సంగతి తెలియక కాదు. డబ్బాలు చేసేవాళ్ళకి ఒక సలహా పుస్తకం రాసిచ్చాడు. గది 35 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు ఫ్యానుకి అందే గాలి 38 డిగ్రీలు దాటకూడదు అని. అందుకోసమే ఆ రోజుల్లో పక్క రేకుకి గరాటు లాంటి ప్లాస్టిక్కు గొట్టం వచ్చింది, గుర్తుందా? మా పెట్టెకి అదీ లేదు. అయినా వాడి లెక్కలో గది 35 డిగ్రీలు. తెనాలిలో మే నెలలో, రేకుల వసారాకి ఆనుకున్న గదిలో, కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం ఎన్ని డిగ్రీలుంటుందో ఒరెగాన్‌లో కూర్చున్నవాడికేం తెలుసు? మా పెట్టెలో ఓడిపోయింది ఆ మూడు డిగ్రీల తేడా.

2004 ఇంటెల్‌కి కూడా కాలం కలిసిరాని ఏడాదే. మే నెలలో టెజాస్ అనే తర్వాతి చిప్పుని రద్దు చేశారు. అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం తేలేమని ఒప్పుకున్నారు. ఆ నెలలోనే అప్పటి అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సభలో వేదిక మీద మోకాళ్ళ మీద కూర్చుని మన్నించమన్నాడు. సగం వేళాకోళానికే అనుకోండి. ఆ వార్త నాకప్పుడు తెలియదు. తెలిస్తే నాన్నగారికి చూపించేవాణ్ణి. ఆయన ఎండాకాలమంతా నేను ఆటలాడి మిషను పాడుచేశానని అనుకుంటూనే ఉన్నారు.

వేడిని అణచడానికి ఇంటెల్ వాడు 2003లోనే బీటీఎక్స్ అనే కొత్త పెట్టె నమూనా ప్రకటించాడు. అది నాకు చాలా నచ్చిన నమూనా. ముందు నుంచి గాలి వస్తుంది, వస్తూనే మొట్టమొదట ప్రాసెసరుని పలకరిస్తుంది, అక్కణ్ణుంచి నేరుగా వెనక్కి పోతుంది. తెనాలిలో మా తాతగారి పాత ఇల్లు ఇలాగే ఉండేది. వీధి గుమ్మంలో నిలబడితే సావిడి, వంటిల్లు దాటి పెరట్లో బావి కనిపించేది. మధ్యలో తలుపులన్నీ ఒకే వరస. ఏ మండువేసవిలోనైనా ఆ వరసలో చాప వేసుకుని పడుకుంటే ప్రాణం లేచొచ్చేది. మేస్త్రీ ఎవరో గానీ అతనికి బీటీఎక్స్ తెలుసు :-)

కానీ జనం కొనలేదు. పాత పెట్టెలు, పాత బోర్డులు దీనికి సరిపడవు. ఇంతలో 2006 జూలైలో 65 వాట్ల కోర్ టూ డుయో వచ్చింది. మంట తగ్గింది, మందు అక్కర్లేదన్నారు. ఆ ఏడే బీటీఎక్స్‌ని పక్కన పెట్టేశారు. కంపెనీలు చెయ్యలేని పని మాత్రం చిన్న చిన్న డబ్బా తయారీదారులే ఏటీఎక్స్ చట్రంలో ఉంటూనే చేసుకుపోయారు. 2005లో ఆంటెక్ వాళ్ళ పీ180, ఎస్సెంపీయెస్‌ని పైనుంచి కిందికి దించి వేరే గదిలో పెట్టింది. వేరు కాపురం పెట్టించినట్టే. దాని గాలి దానిది, ప్రాసెసరు గాలి ప్రాసెసరుది. తర్వాత అందరూ అదే దారి పట్టారు.

ఇంకో మార్పు ఫ్యాన్ల సైజు. 80 మిల్లీమీటర్ల ఫ్యాను కన్నా 120ది వైశాల్యంలో రెండుంపావు రెట్లు. అంత గాలినీ నెమ్మదిగా తిరుగుతూ ఇస్తుంది, మోత ఉండదు. ఈ లెక్కని చివరిదాకా లాగి 2008లో కూలర్ మాస్టర్ వాళ్ళు హాఫ్ 932 అనే ఫుల్ టవరు తెచ్చారు. ముందు, పైన, పక్కన ఒక్కొక్కటి 230 మిల్లీమీటర్ల ఫ్యాను, వెనక ఒక 140ది. చూడ్డానికి మిలిటరీ ట్రంకు పెట్టెలా ఉంటుంది. అందం కోసం ఎవరూ కొనరు. ముందు భాగమంతా జాలీ.

నేను ఎమ్మెస్ చేసేటప్పుడు, 2012లో, దాన్ని ఎవరో వాడి వదిలేస్తుంటే నలభై డాలర్లకి కొన్నాను. కారు లేదు. మంచులో, సిటీ బస్సులో, పదమూడు కిలోల ఇనుముని ఒళ్ళో పెట్టుకుని రూముకి తెచ్చుకుంటుంటే ఎనిమిదేళ్ళ కిందటి రైలు ప్రయాణం గుర్తొచ్చింది. మిచిగన్‌లో ఇప్పటికీ మా బేస్‌మెంటులో అదే ఉంది. లోపలి బోర్డులు మూడు మారాయి, పెట్టె మారలేదు.

ఇంత అనుభవం ఉండి, 2018లో బావమరిదికి ఏం చెప్పానో వినండి. ఆ రోజుల్లో సీడీ డ్రైవులు పోయాయి. డ్రైవుల అరలు తీసేస్తే పెట్టె ముందు భాగం మొత్తం గాలికి వదిలెయ్యొచ్చు. ఇంతకన్నా మంచి అవకాశం ముప్ఫై ఏళ్ళలో రాలేదు. తయారీదారులు ఆ చోటంతా తీసుకెళ్ళి అద్దంతో మూసేశారు! 2016, 17 నుంచి ఎక్కడ చూసినా గట్టి అద్దం తలుపులు, లోపల రంగుల దీపాలు. అద్దం వెనక మూడు ఫ్యాన్లు గిరగిరా తిరుగుతుంటాయి, వాటికి గాలి అందేది పక్కనున్న వేలెడు సందులోంచి. స్టూడియోకి వచ్చే కస్టమర్లకి బాగా కనిపిస్తుందని వాడన్నాడు, నాకూ ఫొటోలో బ్రహ్మాండంగా అనిపించింది. కొనెయ్యమన్నాను. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, అప్పుడు అందరిదీ అదే పోకడ.

2019 మే నెలలో ఆ పెట్టెలో ఒక హార్డుడిస్కు పోయింది. అద్దం వెనకే, ఒకదానిమీదొకటి పేర్చిన మూడింటిలో నడిమిది. అందులో ఒక పెళ్ళి ఉంది. కెమెరా కార్డులు అప్పటికే చెరిపేసి ఇంకో పెళ్ళికి వాడేశాడు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు వేరే డిస్కులో ఉండి దొరికాయి. అప్పగింతలు పోయాయి. డేటా తీసేవాళ్ళ దగ్గరికి హైదరాబాదు పట్టుకెళ్ళినా రాలేదు. డబ్బు మొత్తం వెనక్కిచ్చేశాడు. పెళ్ళికూతురి తండ్రి డబ్బు తీసుకోకుండా చాలాసేపు ఊరికే కూర్చుని వెళ్ళిపోయాడట. మర్నాడు వాళ్ళబ్బాయిని పంపించి తీసుకున్నారు.

వేడి వల్లే పోయిందని రుజువు చెయ్యలేను. 2007లో గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల లెక్కలు తీసి ఒక పత్రం ప్రచురించారు. మనం అనుకున్నంతగా డిస్కుల చావుకీ వేడికీ లంకె లేదు, మరీ ఎక్కువ వేడిలోనూ, వయసు మళ్ళిన డిస్కుల్లోనూ మాత్రం కనిపిస్తుంది అన్నారు. ఆ పత్రం నేను ఎన్నిసార్లు చదివానో! వాడి డిస్కుకి వయసుంది, ఆ మూలలో వేడీ ఉంది. రెండో కాపీ లేకపోవడం వాడి తప్పు, అద్దం పెట్టె కొనమనడం నా తప్పు. ఆరేళ్ళలో వాడు ఒక్కసారి కూడా ఆ మాటెత్తలేదు. ఎత్తితే బాగుండేది. ఊరికే ముందు అద్దం ఊడదీసి అటక మీద పారేసి, ఆ పెట్టెతోనే బండి లాగించాడు.

అద్దాల పిచ్చి తర్వాత తగ్గింది. గేమర్స్ నెక్సస్ లాంటి పరీక్షలు చేసేవాళ్ళు ప్రతి పెట్టెనీ ఒకసారి ముందు తలుపుతో, ఒకసారి తలుపు తీసేసి కొలవడం మొదలెట్టారు. తలుపు తీస్తే చల్లబడుతోందంటే ఆ తలుపు ఎందుకున్నట్టు? 2019లో ఫాంటెక్స్ వాళ్ళు అంతకుముందు మూసి ఉన్న తమ పీ400 పెట్టెనే ముందు సన్నటి జాలీతో పీ400ఏ అని మళ్ళీ తెచ్చారు. తర్వాత జాలీలు వరసకట్టాయి. రాక తప్పలేదు మరి. గ్రాఫిక్స్ కార్డులు 2022లో 450 వాట్లకి, 2025లో ఒక్కటే 575 వాట్లకి చేరాయి. మొదటి పీసీలు తొమ్మిది కలిపితే ఇప్పటి ఒక కార్డు!

ఇదంతా అయ్యాక కాగితం కలం తీసుకుని వాడి మిషను లెక్కేశాను. గట్టిగా పని చేస్తున్నప్పుడు వాడి డబ్బాలో 450 వాట్ల వేడి పుడుతుంది. లోపలి గాలి బయటి గాలి కన్నా పది డిగ్రీలకి మించి వేడెక్కకుండా ఉండాలంటే నిమిషానికి 80 ఘనపుటడుగుల గాలి డబ్బాలోంచి పోవాలి. రెండు మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, ఎదురేమీ లేకపోతే, దీన్ని సునాయాసంగా తోలగలవు. అద్దం అడ్డుంటే ఆరున్నా తోలలేవు. అంటే డబ్బు పెట్టాల్సింది ఫ్యాన్ల సంఖ్యకీ కాదు, దీపాలకీ కాదు. చిల్లుల రేకుకి. చిల్లుల రేకు అద్దం కన్నా చవక. పది వేల లోపు అని వాడు పెట్టిన షరతు నిజానికి షరతే కాదు.

ఇంకో సంగతి. ఇక్కడి పరీక్షలన్నీ 21, 22 డిగ్రీల గదిలో చేసినవి. ఏ ఫ్యానూ గది కన్నా చల్లగా చెయ్యలేదు, గదికీ చిప్పుకీ మధ్య తేడాని మాత్రమే తగ్గిస్తుంది. ఇక్కడ చిప్పు 72 అని రాసి ఉంటే, తెనాలిలో 38 డిగ్రీల గదిలో దానికి పదహారు కలుపుకోవాలి. 88. పరీక్షలో పాసైనదే మన ఊళ్ళో ఫెయిలయ్యేది అందుకే.

ఫోను చేసి చెప్పాను. "ముందు భాగం జాలీ ఉండాలి, దాని మీద అరచెయ్యి ఆనిస్తే గాలి లాగుతున్నట్టు తెలియాలి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. జాలీ వెనక దుమ్ము వడపోసే వల ఉండాలి, దాన్ని నెలకోసారి కుళాయి కింద కడుగు. ఫుల్ టవరు ఎందుకురా, జాలీ ఉన్న మిడ్ టవరు చాలు. ఫుల్ టవర్లు ఇప్పుడు తక్కువ వస్తున్నాయి, వచ్చినవి ఖరీదు" అన్నాను.

"డిస్కులు ఆరున్నాయి బావా" అన్నాడు. ఒక క్షణం ఆగి, "ఇప్పుడు ప్రతి పెళ్ళీ రెండు డిస్కుల్లో పెడుతున్నాను కదా" అన్నాడు. ఇంక నేను మాట్లాడలేదు.

రెండు వారాల తర్వాత ఫొటో పంపించాడు. విజయవాడలో మూతబడ్డ ఇంటర్నెట్టు సెంటరు వాళ్ళ దగ్గర పాత ఫుల్ టవరు ఒకటి దొరికిందట, మూడున్నర వేలకి. నల్లగా, వికారంగా, ముందంతా జాలీ. డిస్కుల అరలకి ఎదురుగా కొత్త ఫ్యాన్లు రెండు బిగించాడు. రెండు డిస్కుల మధ్య ఒక అర ఖాళీ వదిలి పేర్చాడు. మధ్యాహ్నం మూడింటికి తీసిన ఫొటో. తెర మీద ఏదో పెళ్ళి ఎడిటింగు నడుస్తోంది. పక్కనే స్టూలు మీద టేబులు ఫ్యాను తిరుగుతోంది.

"మళ్ళీ ఫ్యాను ఎందుకురా?" అని రాశాను.

"అది నాకు బావా" అని జవాబొచ్చింది.